దొరస్వామి అయ్యవారు నాటిన తప్పు

1945 ఏప్రిల్లో ఒకనాటి పొద్దున చిత్తూరు గిరింపేటలో దొరస్వామి అయ్యవారు ఇంటి ముందు తిన్నె మీద కూర్చుని చెయ్యంత నోటుబుక్కు ఒకటి తిరగేస్తున్నాడు. తిరగేస్తూ తిరగేస్తూ ఒక పేజీ దగ్గర ఆగిపోయాడు. కాఫీ లోటా తెచ్చిన భార్య చంద్రకాంతమ్మ చెయ్యి చాపి అట్లాగే నిలబడింది. ఆయన అందుకోలేదు.

"ఏమి, సరస్వతీదేవి కనిపించిందా అందులో?" అంది.

"అక్కమ్మ కొంప ముంచేసినానే" అన్నాడు.

అంత మాట ఎందుకన్నాడో తెలియాలంటే ముందు ఆయన చదువు చెప్పే తీరు తెలియాలి.

చింతబరికె విరగనిదే చదువు రాదని ఊరంతా నమ్మే కాలం అది. తొడపాశం, గోడకుర్చీ, కోదండం లేని బడి బడే కాదు. దొరస్వామి ప్రైవేటులో ఇవేవీ లేవు. అందుకే ఊళ్లో సగం మంది ఆయన్ను మహానుభావుడనేవాళ్లు, తక్కిన సగం తిక్కలోడనేవాళ్లు. రోజూ పొద్దున ఆరున్నరకు పిల్లలు తిన్నె మీద చేరేవాళ్లు. అయ్యవారు నల్లబల్ల మీద ఆ పూట పాఠం రాసేవాడు. అందులో కావాలనే ఒక తప్పు పెట్టేవాడు. ఒకే ఒక్కటి. లెక్కలో ఒక అంకె మార్చేవాడు, లేదంటే స్వర్ణముఖి నదిని తీసుకుపోయి అనంతపురంలో పారించేవాడు. దాన్ని పట్టుకున్నవాళ్లు వేలెత్తి చెప్పాలి.

చెప్పగానే అయ్యవారు తన సుద్దముక్క వాళ్ల చేతిలో పెట్టి, తిన్నె దిగి, బడిపిల్లవాడి మాదిరిగా రెండు చేతులూ కట్టుకుని నిలబడి "తప్పయింది అయ్యోరా" అనేవాడు. పట్టుకున్నవాడు బల్ల మీద తప్పు దిద్ది "సరే, కూర్చో" అనాలి. అనేదాకా అయ్యవారు కూర్చోడు. ఒకసారి ఒక తుంటరి అరగంట దాకా ఆ మాట అనలేదు. అయ్యవారు అరగంటా నిలబడే ఉన్నాడు. అంతవరకూ పుస్తకం ముఖం చూడని ఆ తుంటరి, మరునాటి నుంచి అందరికంటే ముందొచ్చి బల్ల ముందర కూర్చునేవాడు. అయ్యవారిని ఇంకోసారి నిలబెట్టాలని వాడి ఆశ. ఆ ఆశతోనే వాడు లెక్కలు నేర్చేసుకున్నాడు.

"నేను చెప్పినానని నమ్మొద్దండ్రా. సూసుకోని నమ్మండి. నమ్మేవాడికి నిద్రొస్తాది" అనేవాడు అయ్యవారు.

నాటిన తప్పు తనే మరిచిపోకుండా నోటుబుక్కులో రాసుకునేవాడు. ఎవరైనా పట్టుకుంటే దాని పక్కన టిక్కు. ఎవరూ పట్టుకోకపోతే మరునాడు తనే బయటపెట్టి టిక్కు పెట్టేవాడు. "వరి నాటినట్టు తప్పులు నాటతాడమ్మా మా ఇంటాయన" అని చంద్రకాంతమ్మ ఇరుగుపొరుగులతో ఎగతాళి చేసేది. పదకొండేళ్లలో టిక్కు లేని తప్పు ఒక్కటీ లేదు. ఆ పొద్దున ఒకటి కనిపించింది.

జనవరి నెలలో రాసుకున్నది. ఎకరాకు 4480 చదరపు గజాలు.

ఎకరాకు 4840 గజాలని ఎనిమిదో తరగతి పిల్లవాడికెవరికైనా తెలుసు. అయ్యవారు నడిమి అంకెలు రెండూ తారుమారు చేసి నాటాడు. నాటినవాడు పీకలేదు. ఆ పొద్దే, మరికాసేపట్లో తిరుపతిలో, అక్కమ్మ లెక్కల పరీక్షకు కూర్చుంటుంది.

అక్కమ్మ చిన్నపిల్ల కాదు, ఇరవై నాలుగేళ్ల మనిషి. ఐరాల పక్క పల్లె. నాయన చెంగయ్య సర్వేవాళ్ల దగ్గర చైను లాగే కూలి. ఆయనా పోయాడు, కట్టుకున్నవాడూ పోయాడు. చిత్తూరొచ్చి మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేరింది. ఎనిమిదో తరగతి సర్కారు పరీక్ష గట్టెక్కితే నర్సు ట్రైనింగులో తీసుకుంటామని అక్కడి పెద్ద నర్సమ్మ చెప్పింది. అయితే ఇరవై అయిదు నిండేలోపల రావాలి. పోయిన ఏడు ప్రైవేటుగా కట్టి అన్నిట్లో గట్టెక్కి లెక్కల్లో పోయింది. ముప్పై అయిదు రావాల్సిన చోట ఇరవై తొమ్మిది వచ్చాయి. ఈ ఏడు పోతే వయసు దాటిపోతుంది. ఇక బతికినంత కాలం ఆసుపత్రిలో చీపురూ, రోగుల మలమూత్రాల తొట్లూ.

పైగా ఆమెకు పుస్తకం లేదు. యుద్ధం రోజులు, కాగితం కరువు. పాత లెక్కల పుస్తకం కోసం ఊరంతా గాలించినా దొరకలేదు. అయ్యవారు బల్ల మీద రాసిందే ఆమె పుస్తకం. రాసింది రాసినట్టు ఎత్తి రాసుకుని, రాత్రి డ్యూటీలో వల్లె వేసుకునేది.

అయ్యవారు లేచి వీధిలోకి పరుగెత్తాడు. తన దగ్గరే చదివి చిత్తూరులోనే పరీక్ష రాస్తున్న ప్లీడరుగారబ్బాయి అప్పుడే ఆ దారిన పోతున్నాడు.

"ఒరేయ్, ఎకరాకు ఎన్ని గజాలు?"

"నాలుగు వేల ఎనిమిది వందల నలభై సార్. పుస్తకంలో ఉండాది గదా."

పుస్తకం ఉన్నవాళ్లకు భయం లేదు. అయ్యవారు మళ్లీ లోపలికొచ్చి కండువా కోసం తడుముకుంటున్నాడు. చంద్రకాంతమ్మ నోటుబుక్కు చేతిలోకి తీసుకుని తేదీ చూసింది. ఆమెకు ఆ తేదీ బాగా గుర్తుంది.

"ఇది ఆ పొద్దుది గదా" అంది. "ఆ బిడ్డను అనరాని మాట అంటిరే, ఆ పొద్దుది."

అయ్యవారు కండువా వెతకడం ఆపేశాడు.

జనవరిలో ఆ పొద్దు, తాలూకా కచ్చేరి హెడ్డు గుమాస్తా సుబ్రమణ్యం వచ్చి తిన్నె మీద కూర్చున్నాడు. తన ఇద్దరు కొడుకుల్నీ ఈ ప్రైవేటులో వేయాలా వద్దా అని చూసిపోవడానికి వచ్చాడు. పెద్ద ఉద్యోగస్థుడు ఎదురుగా కూర్చునేసరికి అయ్యవారి చెయ్యి తడబడింది. ఎకరా తప్పు అప్పటికే బల్ల మీద నాటేశాడు. దాని కింద ఒక లెక్క వేశాడు. ఆరుగురు పది దినాల్లో తవ్వే బావిని నలుగురు ఎన్ని దినాల్లో తవ్వుతారు? వేసి, జవాబు పదహారు అని రాశాడు. ఇది నాటింది కాదు. నిజం తప్పు.

వెనక వరసలో అక్కమ్మ వేలెత్తింది. మూడు నెలలుగా తప్పులు పట్టడంలో ఆమెను మించినవాళ్లు లేరు. రోగి ముఖం చూసి జ్వరం ఎంతుందో చెప్పే కళ్లు అవి. "పదైదు గదా అయ్యోరా" అంది.

గుమాస్తా కిసుక్కున నవ్వాడు. అయ్యవారికి తల కొట్టేసినట్టయింది. చూడండి విచిత్రం, పదకొండేళ్లుగా రోజూ చేతులు కట్టుకున్న మనిషి. అప్పుడూ కట్టుకుని ఉంటే అదీ నాటిన తప్పేనని గుమాస్తా మెచ్చుకుని పోయేవాడు. కానీ చేతులు లేవలేదు. ఉత్తుత్తి తప్పుకు లేచే చేతులు నిజం తప్పుకు లేవవని ఆయనకే అప్పటిదాకా తెలియదు. చేతులకు బదులు నోరు లేచింది.

"ఆసుపత్రిలో తొట్లు కడుక్కునే నువ్వు నాకు లెక్కలు నేర్పేదా? కూర్చో."

అక్కమ్మ కూర్చుంది. అయ్యవారు బల్ల తుడిచేసి, ఒంట్లో బాగాలేదని చెప్పి పిల్లల్ని పంపించేశాడు. బల్లతో పాటు ఎకరా తప్పు కూడా ఆయన మనసులోంచి తుడిచిపెట్టుకుపోయింది. రోజుకు ఒకటే తప్పు కాబట్టి ఆ పూటది పదహారేననుకుని పిల్లలూ ఎకరా జోలికి పోలేదు. గుమాస్తా కొడుకులు రానే లేదు. అక్కమ్మ మటుకు మరునాడూ వచ్చింది, రోజూ వచ్చింది, బల్ల మీదిది అక్షరం పొల్లుపోకుండా ఎత్తుకుంది. వేలు మాత్రం మళ్లీ ఎత్తలేదు. రాత్రి డ్యూటీలు చేసి అలిసిపోతోంది పాపం అని అయ్యవారు తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. తప్పించుకునేవాడికి సాకులు కరువా?

"నోరు జారితే ఏరుకోలేమని పిలకాయలకు చెప్తారు గదా" అంది చంద్రకాంతమ్మ. అని, కండువా ఆయన భుజాన వేసింది. "పోండి. బొగ్గు బస్సు ఇంకా కదిలుండదు."

ఆ ఏడు ప్రైవేటుగా కట్టిన ఆడవాళ్లకు తిరుపతి ఆడపిల్లల బడిలో పరీక్ష పెట్టారు. అక్కమ్మ రెండు రోజుల ముందే పోయి సత్రంలో దిగింది. ఆమె ఏ సత్రంలో దిగిందో అయ్యవారికి తెలియదు. పరీక్ష పదింటికి. రైలు అయిదింటికే పోయింది. ఉన్నది ఆరున్నర బస్సు ఒక్కటే. పెట్రోలు మిలిటరీకి పోతున్నందున బస్సుల వెనక పెద్ద డ్రమ్ము మాదిరి పొయ్యి కట్టి, కట్టెబొగ్గు మండించి, ఆ గ్యాసుతో నడిపేవాళ్లు. బొగ్గుకు కోపం వస్తే బస్సు ఆగిపోయేది.

"కుప్పయ్యా, తొమ్మిదిన్నరకంతా నేను తిరుపతిలో ఉండాలప్పా" అన్నాడు అయ్యవారు డ్రైవరుతో.

"ఉందురు లేండి అయ్యోరా. ఆ మాట బస్సుకూ ఒకతూరి చెప్పండి" అన్నాడు కుప్పయ్య.

పూతలపట్టు దాటేదాకా బాగానే పోయింది. పాకాలలో అరగంట బొగ్గు నింపారు. అయ్యవారు కడ్డీ పట్టుకుని కూర్చోలేక నిలబడలేక ఉన్నాడు. పక్కన పుత్తూరు పోయే మనిషి ఒకాయన, విరిగిన చెయ్యికి అక్కడ కట్టు కట్టించుకోవాలట, దారంతా మూలుగుతున్నాడు. అయ్యవారికి ఆ మూలుగు తనలోంచే వస్తున్నట్టుంది. మనసులో ఒకటే లెక్క. పోయిన ఏడు ఇరవై తొమ్మిది. ఈ ఏడు బాగా చదివింది కాబట్టి నలభై దాకా రావచ్చు. ఎకరాల లెక్క ఏటా ఒకటి తప్పకుండా ఇస్తారు, దానికి ఎనిమిది మార్కులు. అది పోతే గట్టెక్కుతుందా, ఎక్కదా? ఎన్నిసార్లు కూడినా, తీసినా ఆ లెక్క తెగలేదు.

పనబాకం దాటాక మిట్ట ఎక్కేచోట బస్సు ఒకసారి దగ్గి, రెండోసారి దగ్గి ఆగిపోయింది.

జనం దిగారు. గడియారం ఉన్న ఒక షావుకారును అడిగితే ఎనిమిదీ ముప్పావు అన్నాడు. కండక్టరు గోవిందు వెనకపక్క పొయ్యికి గాలి కొట్టే చక్రం తిప్పడం మొదలుపెట్టాడు. కుప్పయ్య రోడ్డు పక్క బండ మీద కూర్చుని తాపీగా బీడీ ముట్టించాడు.

"ఎంతసేపప్పా?" అన్నాడు అయ్యవారు.

"బొగ్గు పచ్చిది. దానికి బుద్ధి పుట్టినప్పుడు."

అయ్యవారు చొక్కా చేతులు పైకి మడిచి గోవిందు దగ్గరికి పోయాడు. "జరుగు, నేను తిప్పతాను."

"మీరు చదువు చెప్పే మనిషి అయ్యోరా. ఈ మసి పని మీకేమిటికి?"

"నా తప్పు ముందర పోతా ఉండాది. నేను దాని ఎనకాల పోతా ఉండాను. తిప్పనీ."

గోవిందుకు ఏమీ అర్థం కాలేదు గానీ జరిగాడు. సుద్దముక్క తప్ప బరువెరగని చేతులు. పావుగంటకే అరచేతులు బొబ్బలెక్కాయి. మసి ముఖాన పడింది, చెమటకు చారలు కట్టింది. నిప్పు ఎర్రబడి, గ్యాసు పట్టుకుని, బస్సు కదిలేసరికి తొమ్మిదింబావు. చంద్రగిరిలో మళ్లీ ఒకసారి ఆగింది. కోట గోడల ముందర అయ్యవారు కళ్లు మూసుకుని ఏడుకొండలవాడికి మొక్కుకున్నాడు. అంతదాకా దేవుణ్ణి పిల్లల మార్కుల కోసం ఆయన ఎన్నడూ అడగలేదు.

బడి గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చేసరికి పదింటి మీద ఇరవై అయిదు నిమిషాలు. గేటు మూసి ఉంది. బంట్రోతు ఆదిమూలం స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఈ మసిముఖం పెద్దమనిషిని ఎగాదిగా చూశాడు.

"లోపల నా దగ్గర చదివిన బిడ్డ ఉండాది. ఒక్క మాట చెప్పి పోతానప్పా."

"ఏం మాట?"

ఎకరాకు ఎన్ని గజాలో చెప్పాలి అంటే ఏమవుతుందో ఆయనకు తెలుసు. ఆయన తడబాటు చూసి బంట్రోతుకు సంగతి సగం అర్థమైంది.

"చూడండి సామీ. బయట నుంచి లోపలికి ఒక్క మాట పోయిందంటే ఆ బిడ్డను మూడేళ్లు పరీక్షకు రానియ్యరు. పోయినేడు ఒకామెను అట్లే లేపేసినారు. ఆమె మేలు కోరేవాళ్లయితే పోయి నీడన కూర్చోండి."

అయ్యవారు నీడకు పోలేదు. బడి పక్క సందులోకి తిరిగాడు. ఆ పక్క కిటికీలు తెరిచి ఉన్నాయి. మూడో కిటికీ దగ్గర బెంచీ మీద ఆసుపత్రి తెల్లచీర కనిపించింది. అక్కమ్మ. పెన్ను చేతిలో ఉంది, చెయ్యి కదలడం లేదు. తల వంచుకుని కాగితాన్ని అట్లాగే చూస్తోంది. ఏ లెక్క దగ్గర ఆగిపోయిందో అయ్యవారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

కిటికీకి ఎదురుగా, సందుకు ఇవతలి పక్క, ఎవరిదో వేరుశనగ గిడ్డంగి. దానికి నిలువెత్తు తలుపు, తారు పూసి నల్లగా నిగనిగలాడుతోంది. అచ్చం నల్లబల్ల. అయ్యవారి చెయ్యి జేబులోకి పోయింది. జేబులో ఎప్పుడూ ఉండే సుద్దముక్క ఉంది.

చుట్టూ చూశాడు. సందులో ఎవరూ లేరు. నాలుగు అంకెలు. తల ఎత్తితే ఆమెకు కనపడతాయి. తలుపు మీద 4 వేశాడు. పక్కన 8 వేశాడు. లోపల పరీక్ష చూసే టీచరమ్మ చెప్పుల చప్పుడు కిటికీ వైపు వచ్చింది. అయ్యవారు చప్పున తిరిగి తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. టీచరమ్మ బయటికి ఒకసారి చూసి అవతలికి పోయింది. అక్కమ్మ తల ఎత్తలేదు.

మూడేళ్లు అన్న బంట్రోతు మాట ఆయన చెవిలో మోగింది. మూడేళ్లెందుకు, ఈ ఒక్క ఏడు పోయినా చాలు. దొరికితే నేను కాదు, పోయేది ఆ బిడ్డ. ఇంకొక మాట కూడా తోచింది ఆయనకు. ఆ పొద్దు నా తప్పు నమ్మించినాను, ఈ పొద్దు నా ఒప్పు నమ్మిస్తున్నాను. ఆ బిడ్డ తన కళ్లతో తాను ఇంకెప్పుడు చూసుకునేది? కండువా తీసి తలుపు మీది రెండంకెలూ తుడిచేశాడు. మరక కూడా మిగలకుండా గట్టిగా తుడిచాడు.

తుడిచి తిరిగేసరికి అక్కమ్మ తల ఎత్తి ఆయన్నే చూస్తోంది.

ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదు, భయం ఉంది. అయ్యవారు నోరు తెరవలేదు. సైగ చెయ్యలేదు. జనవరిలో లేవని రెండు చేతులూ అప్పుడు వాటంతట అవే లేచాయి. బొబ్బలెక్కిన అరచేతులు చంకల్లో దాచుకుని, తల వంచుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

అంకె చెప్పడం దొంగతనమే. నా తప్పు నేను ఒప్పుకోవడం కూడా దొంగతనమేనా? ఆయన లోపల తనతో తనే వాదించుకున్నాడు. వాదన తెగలేదు గానీ చేతులు మటుకు దించలేదు. తల ఎత్తేసరికి అక్కమ్మ మళ్లీ కాగితం మీద వంగి ఉంది. రాస్తోందో కొట్టేస్తోందో ఇక్కడికి కనపడదు.

ఏప్రిల్ ఎండ. తారు తలుపు వీపును కాల్చేస్తోంది. సందులో పోయే పూలమ్మి ఒకామె ఆగి చూసి, "మొక్కుబడి మాదిరి ఉండాది" అనుకుంటూ పోయింది. బంట్రోతు రెండుసార్లు వచ్చి చూసిపోయాడు. చేతులు కట్టుకుని ఎండలో నిలబడటం నేరమని ఏ రూలులోనూ లేదు కాబట్టి ఊరుకున్నాడు. అయ్యవారికి కళ్లు బైర్లు కమ్మాయి. కూర్చుందామా అనుకున్నాడు ఒకసారి. కూర్చోమని ఎవరూ అనలేదు గదా. పన్నెండున్నరకు గంట కొట్టేదాకా అట్లాగే ఉన్నాడు.

అక్కమ్మ గేటు దాటి, సందు తిరిగి ఆయన ముందుకొచ్చింది. ఆమె చేతిలో ప్రశ్నల కాగితం చెమటకు తడిసిపోయింది.

"ఎకరాల లెక్క ఇచ్చినారా?" అన్నాడు.

"ఇచ్చినారు అయ్యోరా. నూటిరవై ఒక్క గజం వెడల్పు, నూట అరవై గజాల పొడుగు తోట. ఎన్నెకరాలని."

"ఎంత వేసినావు?"

"బల్ల మీద మీరు రాసిచ్చిన దాంతో భాగించినాను. నాలుగెకరాలు పోయి పద్నాలుగు వందల నలభై గజాలు మిగిలింది. సర్కారోళ్లిచ్చే లెక్క ఎప్పుడూ మిగలకుండా తెగతాది. అనుమానమొచ్చింది." ఆమె ఆగి ఊపిరి తీసుకుంది. "మా నాయన చైను లాగతా ఉంటే చిన్నప్పుడు కొస పట్టుకోని నడిచేదాన్ని. పది చైన్లు పొడుగు, ఒక చైను వెడల్పు, అది ఎకరా అనేవాడు. చైనుకు ఇరవై రెండు గజాలు. కూర్చోని గుణించినాను. నాలుగు వేల ఎనిమిది వందల నలభై వచ్చింది. దాంతో భాగిస్తే నాలుగెకరాలు సరిగ్గా తెగింది."

"రెండూ వేసినావా?"

"రెండూ వేసినాను. ఒకటి కొట్టేసినాను."

అయ్యవారికి అడగడానికి ధైర్యం చాలలేదు. అయినా అడిగాడు. "ఏది కొట్టేసినావు తల్లీ?"

అక్కమ్మ తల వంచుకుంది. ఏదో పాపం చేసినదాని మాదిరిగా చాలా మెల్లగా అంది.

"మీది అయ్యోరా."

అయ్యవారి కళ్లలో నీళ్లు తిరిగాయి. మసి మీద అవి కిందికి దిగాయి.

"చాలాసేపు చెయ్యి రాలేదు" అంది అక్కమ్మ. "కొట్టేద్దామని పెన్ను పెడితే, ఆ పొద్దు మీరు కూర్చో అన్న మాటే వినిపిస్తా ఉండె. అప్పుడు తలెత్తితే మీరు చేతులు కట్టుకోని ఉండారు."

అయ్యవారు చేతులు ఇంకా కట్టుకునే ఉన్నాడు. సుద్దముక్క మటుకు తీసి ఆమె చేతిలో పెట్టి మళ్లీ కట్టుకున్నాడు. జట్కావాళ్లు చూస్తున్నారు, పరీక్ష రాసి వచ్చిన ఆడవాళ్లు చూస్తున్నారు.

"తప్పయింది అయ్యోరమ్మా" అన్నాడు.

అక్కమ్మ సుద్దముక్కను తిప్పి తిప్పి చూసింది. మూడు నెలలుగా మింగుకున్నదంతా ఆమె ముఖంలోకి వచ్చింది. వెంటనే కూర్చోమనలేదు.

"ఇది దేనికి అయ్యోరా? ఎకరాకా, ఆ పొద్దటి బావి లెక్కకా?"

"రెంటికీ. ఆ పొద్దు నేనన్న మాటకు కూడా."

ఆమె సుద్దముక్కను పిడికిట్లో పట్టుకుంది. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"సరే, కూర్చోండి" అంది.

కూర్చోవడానికి అక్కడ ఏమీ లేదు. అయ్యవారు గిడ్డంగి గడప మీదనే కూలబడ్డాడు. అక్కమ్మ పోయి బంట్రోతును అడిగి చెంబుతో నీళ్లు తెచ్చింది. నర్సమ్మలు రోగికి పట్టినట్టు గుక్కగుక్కకూ ఆపి తాగించింది.

ఆ తర్వాత కూడా దొరస్వామి అయ్యవారు తప్పులు నాటడం మానలేదు. నోటుబుక్కులో మటుకు నడిమికి గీత కొట్టి రెండు వరసలు చేశాడు. ఒకటి నాటినవి, ఇంకొకటి వాటంతట అవే మొలిచినవి. దేనికైనా ఒకటే మర్యాద, చేతులు కట్టుకోవడమే. మొలిచినవే ఎక్కువ ఉండాయని చంద్రకాంతమ్మ అనేది, ఆమె నోటికి తాళం లేదు కదా.

జూన్‌లో ఫలితాలు వచ్చాయి. అక్కమ్మకు లెక్కల్లో నలభై ఒకటి. గట్టెక్కడానికి ముప్పై అయిదు కావాలి, ఎకరాల లెక్కకు ఎనిమిది మార్కులు. నలభై ఒకటిలోంచి ఎనిమిది తీస్తే ఎంతో మీరే తీసుకుని చూడండి. చెప్పినంత మాత్రాన నమ్మకండి.